చేతికి డబ్బు అందే వేళ



చెన్నైలో పళ్లు, కూరగాయలు అమ్ముకునే చిరు వ్యాపారుల లెక్క ఒకటి అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో తమ 'పూర్ ఎకనామిక్స్' పుస్తకంలో రాశారు. తెల్లవారుతూనే టోకు వర్తకుడి దగ్గర దాదాపు 1,000 రూపాయల సరుకు అరువు మీద ఎత్తుకుంటారు. రాత్రి బండి సర్దుకునే వేళకి సగటున 1,046 రూపాయల 90 పైసలు తిరిగి కడతారు. నెలకి నూటికి 3 రూపాయల వడ్డీ అంటేనే మన ఊళ్లలో ముక్కున వేలేసుకుంటాం. ఇక్కడ ఒక్క పగటి పూటకి నూటికి దాదాపు 4 రూపాయల 70 పైసలు!

అంత వడ్డీ ఎందుకు కడుతున్నారు? లెక్కలు రాక అని మాత్రం అనుకోకండి. పైసా తేడా వచ్చినా పట్టేయగల మనుషులు వాళ్లు. సరుకు కొనాల్సిన గంటకి ఆ వర్తకుడు అరువిస్తున్నాడు, అమ్ముకున్న గంటకి వసూలు చేసుకుంటున్నాడు. తెల్లవారుజామున ఏ బ్యాంకు తలుపు తెరిచి ఉంటుంది? వాళ్లు ఆ వేళకి ధర కడుతున్నారు. చెన్నైలోనూ ఫిలిప్పీన్స్‌లోనూ ఇలాంటి వ్యాపారుల అప్పులు కొన్ని పూర్తిగా తీర్చేసి, ఆ తరవాత ఏం జరుగుతుందో పరిశోధకులు గమనించారు. కొద్ది కాలానికే మళ్లీ అప్పులోకి వెళ్లారు. పాత బాకీ తీరింది గానీ, ఒక చెడ్డ రోజు వస్తే తట్టుకునే దారి మాత్రం వాళ్లకి కొత్తగా ఏమీ ఏర్పడలేదు మరి.

పేదరికం గురించి మాట్లాడేటప్పుడు ఆదాయం ఎంత అని అడుగుతాం. రోజుకి ఇన్ని రూపాయల లోపు సంపాదించేవాళ్లు పేదలు అని గీత గీస్తాం. నిజానికి రోజూ అంత అని లెక్కగా వచ్చే పేద ఇల్లు ఎక్కడుంది? నాట్ల రోజుల్లో వస్తుంది, కలుపు అయ్యాక ఆగిపోతుంది, కోతలప్పుడు మళ్లీ వస్తుంది. ఖర్చులకి ఆ ఓపిక లేదు. జ్వరం కోతల దాకా ఆగదు, బడి ఫీజు ఆగదు. బంగ్లాదేశ్, భారత్, దక్షిణాఫ్రికాల్లో 250కి పైగా పేద కుటుంబాల ఇళ్లకి ఏడాది పాటు వెళ్లి, వాళ్ల డబ్బు రాకపోకలు డైరీల్లో రాసుకుని కొందరు పరిశోధకులు 2009లో ఒక పుస్తకం వెలువరించారు. అందులో ఒక్క కుటుంబం కూడా ఉత్త చేతులతో లేదు. చేబదుళ్లు, చీటీలు, పక్కింట్లో దాచుకున్న డబ్బు, కిరాణా కొట్టు పద్దు, ఇలా ప్రతి ఇల్లూ కనీసం 4 రకాల ఏర్పాట్లు నడుపుతోంది. డబ్బు వచ్చే రోజునీ, అవసరమైన రోజునీ కలపడానికే ఆ తాపత్రయమంతా.

పేదలకి మేలు చేస్తామంటూ వచ్చిన వ్యాపారాలనీ, యంత్రాలనీ, యాప్‌లనీ నేను ఈ ఒక్క ప్రశ్నతోనే చూస్తాను. ఆ ఇంటికి డబ్బు వచ్చే వేళ, పోయే వేళ ఏమిటో వీటిని తయారుచేసినవాళ్లు అడిగి తెలుసుకున్నారా?

అడగకపోతే ఏమవుతుందో తెలుగువాళ్లకి 2010లో తెలిసివచ్చింది. సూక్ష్మరుణ సంస్థల సెంటర్ మీటింగులు గుర్తున్న అక్కచెల్లెళ్లు ఈ ప్రసంగం వింటున్నవారిలో తప్పకుండా ఉంటారు. పొద్దున్నే, కూలికి బయల్దేరే ముందు, ఎవరో ఒకరి వాకిట్లో చాపల మీద వరసలుగా కూర్చోవాలి. కంపెనీ అబ్బాయి బండి మీద వస్తాడు, పేర్లు పిలుస్తాడు. పాస్‌బుక్కులో మడిచిపెట్టిన నోట్లు చేతులు మారి ముందుకి వెళతాయి. 10,000 లోనుకి వారానికి రెండు వందల పైచిలుకు, దాదాపు ఏడాది పొడుగునా. లోను చేతికొచ్చిన ఒకటి రెండు వారాలకే మొదటి వాయిదా. గ్రూపులో ఒకామె తేలేకపోతే మిగతావాళ్లు తలా కొంచెం వేసి పూడ్చాలి. పూడ్చేదాకా మీటింగు ముగియదు, ఎవరూ లేవడానికి లేదు. అవతల కూలికి పొద్దెక్కిపోతూ ఉంటుంది. పత్తి తీత పని దొరికిన వారం ఇబ్బంది లేదు. ముసురు పట్టి పనులు ఆగిన వారం ఆమె ఏం చేయాలి? ఇంకో కంపెనీలో లోను తీసుకుని ఈ కంపెనీ వాయిదా కట్టింది. రెండోదాని వాయిదాకి ఊళ్లో వడ్డీకిచ్చేవాళ్ల గడప తొక్కింది.

2006లోనే కృష్ణా జిల్లాలో ఇది ముదిరి, అధికారులు కొన్ని సంస్థల శాఖలకి తాళాలు వేశారు. ఆ హెచ్చరికని ఎవరూ పెద్దగా చెవిన పెట్టలేదు. 2010 ఆగస్టులో ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ వాటాలు స్టాక్ మార్కెట్‌కి వచ్చి 1,600 కోట్ల రూపాయల దాకా సమీకరించాయి. అదే ఏడాది జిల్లాల నుంచి అప్పు తీసుకున్నవాళ్ల ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. అక్టోబరు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఇళ్ల మీదికి వెళ్లి వసూలు చేయకూడదంది. వారం వారం వసూళ్లు మాని నెలకోసారి తీసుకోమంది. చట్టం భాషలో అదొక చిన్న నిబంధన. నా దృష్టిలో ఆ ఆర్డినెన్సుకి ప్రాణం లాంటిది అదే.

వారం వాయిదా దురుద్దేశంతో పుట్టింది కాదు. బంగ్లాదేశ్‌లో ముహమ్మద్ యూనస్ గ్రామీణ బ్యాంకు ఆ పద్ధతిని పాటించింది. చిన్న మొత్తాలైతే కట్టడం తేలికన్నది అందులోని ఆలోచన. రోజూ ఇడ్లీలు అమ్ముకునే ఆమెకి అది నిజంగానే తేలిక. గేదెని కొన్నామెకి, అది ఈనేదాకా పైసా రానామెకి తేలిక కాదు. పంట కూలికి వెళ్లేవాళ్లకి అసలే కాదు. ఎవరి పని ఎలాంటిదని చూడకుండా అందరికీ ఒకే కొలతతో చొక్కా కుట్టించారు. ఎందుకంటే కంపెనీకి లెక్క సులువు, వసూలు సులువు, పెట్టుబడి పెట్టినవాళ్లకి చూపించడానికి నూటికి 98, 99 వసూలైందన్న అంకె గొప్ప. ఆ అంకె వెనక వారం వారం ఏ గిన్నెలు తాకట్టుకెళ్లాయో లెక్కల పుస్తకాల్లో ఉండదు.

కోల్‌కతాలో ఎరికా ఫీల్డ్, రోహిణి పాండే, వాళ్ల తోటి పరిశోధకులు ఈ సంగతినే పరీక్షకి పెట్టారు. కొందరు ఆడవాళ్లకి మామూలు లోను, అంటే 2 వారాలకే వాయిదా మొదలు. మరికొందరికి అంతే లోను, అంతే వడ్డీ, కానీ మొదటి వాయిదాకి 2 నెలల గడువు. తేడా అంతే. గడువు దొరికినవాళ్లు వ్యాపారంలోకి ఎక్కువ డబ్బు పెట్టారు. కుట్టుమిషను లాంటిది కొంటే దాని మీద రాబడి మొదలవడానికి కొన్ని వారాలు పడుతుంది కదా, ఆ కొన్ని వారాలూ వాళ్లకి దొరికాయి. మూడేళ్ల తరవాత చూస్తే వాళ్ల వ్యాపారాల లాభం మిగతావాళ్ల కన్నా 41 శాతం ఎక్కువ. ఎగవేతలు కూడా పెరిగాయి, ఆ మాటా చెప్పాలి. గడువిస్తే కొందరు బాగుపడతారు, కొందరు కట్టలేకపోతారు. అప్పిచ్చేవాళ్లు మొదటి సంగతి వదిలేసి రెండోదానికే భయపడ్డారు.

ఇంచుమించు అదే కాలంలో హైదరాబాద్‌లోని 104 బస్తీల్లో బెనర్జీ, డుఫ్లో బృందం సూక్ష్మరుణాల ఫలితాలని కొలిచింది. సగం బస్తీలని లాటరీ తీసినట్టు ఎంచి, అక్కడ ముందుగా శాఖలు తెరిపించి, మిగతావాటితో పోల్చారు. అప్పటికే వ్యాపారమున్న కొందరు దాన్ని పెంచుకున్నారు. ఇంట్లోకి వస్తువులు కొనుక్కున్నవాళ్లున్నారు. కానీ మొత్తం మీద ఇంటి ఖర్చులో పెరుగుదల లేదు. పిల్లల చదువులో, ఆరోగ్యంలో, ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లుబాటులో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. సూక్ష్మరుణంతో పేదరికం పోతుందని ఊదరగొట్టిన ఆ రోజుల్లో ఇది చాలామందికి మింగుడుపడలేదు.

అయితే అప్పే వద్దందామా? 2010 తరవాత మన ఉమ్మడి రాష్ట్రంలో వసూళ్లు ఆగిపోయాయి, సంస్థలు సర్దుకున్నాయి. ఆ నష్టం వల్ల అవే సంస్థలు వేరే రాష్ట్రాల్లో కూడా అప్పులివ్వడం తగ్గించాయి. అలా అప్పు ఎండిపోయిన జిల్లాల్లో కూలి రేట్లు పడిపోయాయని ఎమిలీ బ్రెజా, సింథియా కిన్నన్ తేల్చారు. ఎక్కడో ఒడిశాలోనో బీహార్‌లోనో, లోను ముఖమే చూడని కూలీకి కూడా దాని దెబ్బ తగలవచ్చన్నమాట. కాబట్టి అప్పు అక్కర్లేదనడం తప్పు. అది వచ్చే వేళ, కట్టే వేళ సరిపడాలి.

ఈ మాటకి నాకు దొరికిన గట్టి రుజువులు కెన్యావి. పడమటి కెన్యాలో బుసియా ప్రాంతంలో మొక్కజొన్న పండించే చిన్న రైతులున్నారు. ఎరువు వేస్తే లాభమని వాళ్లకి తెలుసు. అడిగితే వచ్చే పంటకి వేస్తామనే అంటారు. తీరా అదును వచ్చేసరికి డబ్బుండదు. డుఫ్లో, మైకేల్ క్రెమర్, జొనాథన్ రాబిన్సన్ అక్కడ చేసింది చాలా చిన్న పని. పంట అమ్మిన వెంటనే, చేతిలో డబ్బు ఆడుతున్నప్పుడే రైతు ఇంటికి మనిషిని పంపారు. "ఇప్పుడే కొనండి, ఎరువు మీ ఇంటికే తెచ్చిస్తాం, రవాణా ఖర్చు లేదు" అన్నారు. అంతే, ఎరువు వాడకం బాగా పెరిగింది. తరవాత అదునులో సగం ధరకే ఇచ్చినా వచ్చే ఫలితం ఇంచుమించు అంతే. ప్రభుత్వం సగం ధర భరించి సాధించేదాన్ని, సరైన వారంలో తలుపు తట్టి సాధించారు.

చెరకు రైతుల కథ ఇంకా ఆశ్చర్యం. అదే పడమటి కెన్యాలో ఒక పెద్ద చక్కెర కంపెనీ రైతులతో ఒప్పందం మీద చెరకు పండించేది. లొరెంజో కసబురి, జాక్ విల్లిస్ అనే ఇద్దరు ఆ రైతులకి పంట బీమా అమ్మి చూశారు. మామూలుగా ముందే ప్రీమియం కట్టమంటే నూటికి 5 మంది తీసుకున్నారు. ధర 30 శాతం తగ్గించినా 6 మందే. అదే బీమా, అదే ప్రీమియం, కానీ కోత అయ్యాక చెరకు డబ్బులో పట్టుకుంటామంటే నూటికి 72 మంది తీసుకున్నారు! రైతులకి బీమా అంటే అర్థం కాదు, అవగాహన సదస్సులు పెట్టాలి అని మన దగ్గర ఎన్ని సమావేశాల్లో విన్నాం? ఆ 67 మందికీ అవగాహన రాత్రికి రాత్రి రాలేదు. చెల్లించాల్సిన రోజు మారింది, అంతే.

మనకి ఈ సంగతి ముందే అందుబాటులో ఉంది, పట్టించుకోలేదంతే. 2003లో మహబూబ్‌నగర్ జిల్లాలో బేసిక్స్ సంస్థ, ఐసీఐసీఐ లాంబార్డ్ కలిసి వేరుశనగ, ఆముదం రైతులకి వర్షపాత బీమా అమ్మాయి. దేశంలో ఆ తరహా బీమాకి అదే మొదలు. పొలం దాకా వచ్చి నష్టం అంచనా వేసే పని లేదు. దగ్గరి వర్షమాపకంలో నమోదైన వాన అనుకున్నదాని కన్నా తక్కువైతే పరిహారం వచ్చేస్తుంది. ఆలోచన చక్కనిది. తరవాతి ఏళ్లలో షాన్ కోల్, జేవియర్ జీనే వంటివారు మన పల్లెల్లో పరిశీలిస్తే, బీమా ఉన్న రైతులు వానమీద ఎక్కువ ఆధారపడినా ఎక్కువ రాబడి ఇచ్చే పంటల వైపు ధైర్యంగా మళ్లారని కూడా తేలింది. అయినా కొన్నవాళ్లు కొద్దిమంది. కంపెనీ మీద నమ్మకం కుదరకపోవడం ఒకటి. చేతిలో డబ్బు లేదన్నది రైతులు చెప్పిన ముఖ్యమైన జవాబుల్లో ఇంకొకటి. ఎందుకుంటుంది? ప్రీమియం అడిగింది తొలకరి ముందు. విత్తనాలు, దుక్కి, పిల్లల బడి, అన్నీ ఆ నెలలోనే మీద పడతాయి. పాలమూరు రైతుకి ఏడాదిలో జేబు పూర్తిగా ఖాళీ అయ్యే రోజులు ఏవని అడిగితే జూన్ నెలే చూపిస్తాడు.

కెన్యా పేరు ఎత్తాక ఎం-పేసా మాట చెప్పకుండా ఉండలేను. 2007 మార్చిలో సఫారికామ్ సంస్థ మొదలుపెట్టిన మొబైల్ డబ్బు సేవ ఇది. అంతకు ముందు నైరోబీలో పనిచేసే కొడుకు ఊళ్లో తల్లికి డబ్బు పంపాలంటే బస్సు డ్రైవరు చేతికో, ఊరెళ్లే మనిషికో ఇచ్చి పంపాల్సిందే. అది చేరేదెప్పుడో, మొత్తం చేరుతుందో లేదో. ఎం-పేసాకి మామూలు ఫోను చాలు, బ్యాంకు ఖాతా అక్కర్లేదు, వీధి చివర కొట్టులో గుర్తింపు కార్డు చూపించి డబ్బు వేయొచ్చు, తీయొచ్చు. విలియం జాక్, తవ్‌నీత్ సూరి లెక్కలు తీశారు. ఇంట్లో జబ్బో, పంట నష్టమో, ఉద్యోగం పోవడమో జరిగినప్పుడు ఎం-పేసా లేని ఇళ్లలో ఖర్చు 7 శాతం పడిపోయింది. ఉన్న ఇళ్లలో తగ్గలేదు. దూరాన ఉన్న అన్నో, మేనమామో ఆ రోజే తలా కొంచెం పంపగలిగారు. కంపెనీ ఎవరికీ అప్పివ్వలేదు, దానం చేయలేదు. బంధువుల మధ్య ఎప్పటి నుంచో ఉన్న సాయాన్ని సమయానికి చేర్చింది. పేదల కోసం వచ్చిన వ్యాపారాల్లో నేను మనసారా మెచ్చుకునేది ఇదే.

కానీ అదే ఫోను మీద తరవాత నిమిషాల్లో అప్పులు వచ్చాయి. కెన్యాలో లక్షలమంది చిన్న చిన్న బాకీలకే ఎగవేతదారుల జాబితాకెక్కారు. మన దగ్గర 2020లో, కరోనాతో కూలి పోయిన రోజుల్లో, లోన్ యాప్‌లు ఫోన్లోని నంబర్లన్నీ లాగేసుకుని బంధువులకీ స్నేహితులకీ ఫోన్లు చేసి పరువు తీశాయి. తెలంగాణలో యువతీయువకులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ కేసులు చదివినప్పుడు కలిగిన కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. డబ్బు 5 నిమిషాల్లో వచ్చింది నిజమే. తిరిగి కట్టమన్నది 7 రోజుల్లో, జీతం ఎప్పుడొస్తుందని అడగకుండా. అప్పు తొందరగా రావడం ఒక్కటే చూసి మురిసిపోతే ఇలాగే అవుతుంది.

వేళ సర్దినంత మాత్రాన ఆదాయం పెరగదు కదా అని ఎవరైనా అడిగితే, న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు మన పాల సంఘాల్లో ఉంది. 1946లో గుజరాత్‌లో కైరా జిల్లా పాల సంఘం ఏర్పడింది. తరవాత అమూల్ అయింది అదే. గేదె శీతకాలంలో పాలు ఎక్కువిస్తుంది, ఎండాకాలంలో తగ్గించేస్తుంది. బొంబాయికి మాత్రం ఏడాదంతా ఒకేలా కావాలి. శీతకాలంలో మిగిలిన పాలు రైతు ఏం చేసుకోవాలి? ఆవు పాలని పొడి చేయొచ్చు, గేదె పాలు పొడి కావు అని విదేశీ నిపుణులు తేల్చేశారు. ఆ సంఘాన్ని నడిపిన వర్గీస్ కురియన్ మిత్రుడు హెచ్.ఎం. దలాయా అనే ఇంజనీరు చేసి చూపించాడు. 1955లో ఆనంద్‌లో ఫ్యాక్టరీ లేచింది. ఆ పాలపొడి యంత్రం శీతకాలపు పాలని ఎండాకాలానికి అట్టిపెట్టింది, దానితో రైతు ఆదాయానికి ఏడాది పొడుగునా భరోసా వచ్చింది. పైగా పొద్దున పోసిన పాలకి సాయంత్రం, సాయంత్రం పోసినవాటికి మర్నాడు పొద్దున డబ్బు చేతిలో పెట్టేవారు. గడ్డీ దాణా కొనాల్సిన వేళకి డబ్బు అందేది. యంత్రం యజమానులు కూడా ఆ పాలు పోసినవాళ్లే. మన ఊళ్లలో పదిహేను రోజుల పాల బిల్లు మీద ఎన్ని ఇళ్ల కిరాణా, ఎన్ని ఫీజులు నడుస్తాయో పాడి ఉన్న ఏ ఇల్లాలినైనా అడగండి.

అలాంటప్పుడు గేదె బీమా ప్రీమియం ఏడాదికోసారి మొత్తంగా కట్టమనడం దేనికి? ప్రతి పాల బిల్లులో కొంచెం పట్టుకుంటే సరిపోతుంది. కెన్యా చెరకు కంపెనీ చేసిన పని మన పాల కేంద్రం ఇంకా తేలిగ్గా చేయగలదు. లెక్కలన్నీ దాని దగ్గరే ఉన్నాయి. మిర్చి, పత్తి కొనే రైతు ఉత్పత్తిదారుల సంఘాలూ పంట బీమాకి ఇదే దారి ప్రయత్నించవచ్చు.

సూక్ష్మరుణ సంస్థలు మళ్లీ మన పల్లెలకి వస్తున్నాయి. రిజర్వు బ్యాంకు నియంత్రణలో ఉన్న సంస్థలకి, ఆ ఆర్డినెన్సు స్థానంలో వచ్చిన పాత రాష్ట్ర చట్టం వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పింది. అందుకని లోను తీసుకునే ప్రతి అక్కకీ ఒక సంగతి తెలియాలి. 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, ఏటా 3 లక్షల రూపాయల లోపు ఆదాయమున్న కుటుంబం కట్టే వాయిదాలన్నీ కలిపి ఆ ఇంటి నెల ఆదాయంలో సగం దాటకూడదు. గడువు కన్నా ముందే తీర్చేస్తే జరిమానా వేయకూడదు. వాయిదా వారానికా, పక్షానికా, నెలకా అన్నది అప్పు తీసుకునేవారి అవసరాన్ని బట్టి మార్చుకునే వీలుండేలా ప్రతి సంస్థా విధానం పెట్టుకోవాలి. కాగితం మీద సంతకం పెట్టే ముందు ఈ మూడో మాట అడగండి. గేదె ఈనేదెప్పుడో, పత్తి అమ్మేదెప్పుడో చెప్పి, వాయిదా ఆ తరవాత నుంచి వేయమనండి. కుదరదంటే, అలా కుదరదని రాసివ్వమనండి.